నల్ల ఫోన్‌కు కొత్త లైన్

ఫోన్‌కి తాళం వేసే రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వేలు పెట్టి తిప్పే చక్రంలో ఒక కన్నానికి బుల్లి తాళం బిగించి, చెవి లాల్చీ జేబులో వేసుకుని దుకాణం యజమాని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లేవాడు. సికింద్రాబాద్ జనరల్ బజారులోనైనా, రాణీగంజ్‌లోనైనా ఇదే తంతు. ఫోన్ వస్తే మాట్లాడొచ్చు, చెయ్యడానికి మాత్రం వీల్లేదు. అయినా నెలాఖరుకి బిల్లు తగ్గేది కాదు. గల్లా దగ్గర కూర్చున్న కుర్రాడు రిసీవర్ ఎత్తి, అది పెట్టే చోట ఉండే మీటని వేలితో టకటకా కొట్టేవాడు. మూడు కావాలంటే మూడు దెబ్బలు, కాస్త ఆగి, ఏడు కావాలంటే ఏడు దెబ్బలు. సున్నాకి పది. చెయ్యి తిరిగినవాడైతే తాళం వేసిన ఫోన్‌లోంచే ఊరంతా మాట్లాడేవాడు.

డయల్ ఫోన్ రహస్యమంతా ఆ దొంగ కాల్‌లోనే ఉంది. రిసీవర్ ఎత్తగానే ఎక్స్‌ఛేంజి నుంచి వచ్చిన రెండు తీగలు లోపల కలుస్తాయి, సన్నగా కరెంటు పారడం మొదలవుతుంది. డయల్ తిప్పి వదిలితే అది వెనక్కి వస్తూ ఆ కరెంటుని అంకెకి తగినన్ని సార్లు తెంపి కలుపుతుంది. అంతకు మించి ఈ ఫోన్ అంకెలు చెప్పే పద్ధతిలో ఇంకేం లేదు. మామూలు వేగం సెకనుకు పది తెంపులు. ఒక్కో తెంపుకి దక్కేది సెకనులో పదో వంతు, అందులో సుమారు మూడింట రెండు వంతులు తీగ తెగి ఉంటుంది, ఒక వంతు కలిసి ఉంటుంది. బ్రిటిష్ వాళ్ల లెక్క ఇది, మనకీ అదే వచ్చింది. డయల్ తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడు చెవిలో పటపటమనకుండా ఇయర్‌పీస్‌ని కట్ చేసే స్ప్రింగు కూడా లోపలే ఉంటుంది.

ఆ తెంపుల్ని లెక్కపెట్టే యంత్రానికి 1891లో పేటెంటు తెచ్చుకున్నవాడు ఆల్మన్ స్ట్రోజర్. అమెరికాలో కాన్సాస్ సిటీలో శవసంస్కారాల వ్యాపారి. తన ఖాతాదారుల కాల్స్‌ని టెలిఫోన్ ఆపరేటరు పోటీ వ్యాపారికి మళ్లిస్తోందని అతనికి అనుమానం వచ్చిందనీ, ఆపరేటరు అవసరమే లేకుండా చేద్దామని ఈ పని మొదలుపెట్టాడనీ చెబుతారు. మన దేశానికి ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి 1913-14లో సిమ్లాలో వచ్చింది. స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజిలో ఒక్కో తెంపుకి ఒక ఇనుప చెయ్యి ఒక్కో మెట్టు ఎక్కుతుంది. మీ వేలి కింద తిరిగిన చక్రానికి మైళ్ల దూరంలో ఒక యంత్రం అడుగులో అడుగు వేసేదన్నమాట.

మన ఇళ్లలో ఉండిన నల్ల ఫోన్లు చాలావరకు బెంగళూరు ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌వి. ఆ ఫ్యాక్టరీ 1948లో, లివర్‌పూల్‌లోని ఒక కంపెనీ సాంకేతిక సాయంతో మొదలైంది. ఆ బ్యాకెలైట్ ఆకారానికి మూలపురుషుడు జాన్ హైబెర్గ్ అనే నార్వే చిత్రకారుడు. 1930ల మొదట్లో ఎరిక్‌సన్ కోసం అతను గీసిన రూపమే కొద్ది మార్పులతో బ్రిటన్ చుట్టి మన ఇంటికి చేరింది. ఆ ఫోన్ ఇంట్లోనే ఉన్నా మనది కాదు, డిపార్ట్‌మెంటుది. ‘ఓన్ యువర్ టెలిఫోన్’ (ఓవైటీ) పథకంలో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లకి కూడా చేతికొచ్చింది కనెక్షన్ మాత్రమే. అందుకేనేమో, దాన్ని విప్పి చూడడానికి ఎవరూ సాహసించలేదు. చెడిపోతే లైన్‌మాన్ రావాలి, స్క్రూడ్రైవర్ అతని జేబులోంచే రావాలి.

ఆ విద్య తెలిసినవాళ్లకి సికింద్రాబాద్‌లో కొదవ లేదు. కంటోన్మెంటు ఊరు, సైన్యానికి సొంత సిగ్నల్స్ ఉన్నాయి. రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్, టెలికమ్యూనికేషన్ల శిక్షణ సంస్థ ఇరిసెట్ 1957 నవంబరు 24 నుంచి ఇక్కడే ఉంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి కేంద్రమైంది. రైల్వే తన టెలిఫోన్లు తానే నడుపుకుంటుంది కనుక లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ, మౌలాలి కాలనీల్లో సిగ్నల్ అండ్ టెలికాం డిపార్ట్‌మెంటు వాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ‘ఎస్ అండ్ టీలో చేసి రిటైరయ్యారు’ అంటే ఇక్కడ వేరే వివరణ అక్కర్లేదు. పాత డయల్‌తో తంటాలు పడేవాళ్లు ముందు ఇంటర్నెట్‌లో కాదు, పక్క వీధిలో వెతకాలని నా సలహా. స్ప్రింగుల మధ్య ఎడం ఎంత ఉండాలో వేలితో తాకి చెప్పగలిగిన ఆ తరం ఇప్పుడు ఎనభైల్లో ఉంది.

ఫోన్లకి కూడా కరువు లేదు. అటకల మీద, పాత సామాను కొట్టుల్లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమ్మెరాత్ బజార్‌లో దొరుకుతూనే ఉంటాయి. కొనేముందు ఒక జాగ్రత్త. నిగనిగలాడే ఇత్తడి ఫోన్లని ‘నవాబుల కాలం నాటివి’ అని అమ్ముతుంటారు. వాటిలో చాలా వాటికి చక్రం కన్నాల్లో అంకెల బొత్తాలు ఉంటాయి, చక్రం తిరగదు. అవి నిన్నగాక మొన్న అలంకారం కోసం చేసినవి. అసలుది చేత్తో ఎత్తగానే బరువుతోనే తెలిసిపోతుంది. 9లో వేలు పెట్టి చివరిదాకా తిప్పి వదిలితే గిర్రున కాక, కొలిచినట్టు ఒకే వేగంతో వెనక్కి రావాలి.

మరి దాన్ని ఇప్పటి లైన్‌కి తగిలిస్తే పనిచేస్తుందా? సగం పనిచేస్తుంది. కాల్ వస్తే మోగుతుంది, ఎత్తితే మాట్లాడొచ్చు. చిక్కంతా చెయ్యడంలోనే. 1963లో అమెరికా బెల్ కంపెనీ బొత్తాల ఫోన్ తెచ్చినప్పుడు తెంపుల స్థానంలో స్వరాలు వచ్చాయి. ఒక్కో బొత్తం రెండు స్వరాలు కలిపి పలుకుతుంది. 5 నొక్కితే 770, 1336 హెర్ట్‌జ్‌లు ఒకేసారి వినిపిస్తాయి. రాగి తీగల మీద నడిచిన డిజిటల్ ఎక్స్‌ఛేంజీలు చాలాకాలం ఈ రెండు భాషలూ అర్థం చేసుకున్నాయి. ఇప్పుడు ఫైబర్ ఇంట్లోకి వచ్చేసింది. గోడకి తగిలించిన తెల్లడబ్బా వెనుక ఫోన్ కోసం చిన్న సాకెట్ ఉంటుంది. ఎక్స్‌ఛేంజి చేసే పని మన ఇంట్లో అదే చేస్తుంది కానీ, చాలా డబ్బాలకి స్వరాలు తప్ప తెంపులు తెలియవు.

మీ లైన్ ఏ రకమో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పాత రోజెట్ పెట్టెలో లైన్ కట్టే రెండు స్క్రూల నుంచి రెండు తీగలు లాగి, ఆర్‌జె-11 ప్లగ్గు నడిమి రెండు కాళ్లకి కలపండి. ఏది ఎటు కలిపినా ఫోన్ పలుకుతుంది. రిసీవర్ ఎత్తి డయల్ టోన్ విని, ఏదో ఒక అంకె తిప్పండి. టోన్ ఆగిపోతే అవతలివాడికి తెంపులు తెలుసు. తిప్పినా టోన్ అలాగే గుర్రుమంటూ ఉంటే తెలియవు, మధ్యలో దుబాసీ కావాలి.

ఆ దుబాసీ అగ్గిపెట్టెంత సర్క్యూటు. ఫోన్‌కీ లైన్‌కీ మధ్య కూర్చుని, తెంపుల్ని లెక్కపెట్టి, లెక్క పూర్తవగానే ఆ అంకె స్వరాన్ని లైన్‌లోకి పలుకుతుంది. బ్రిటన్‌లో రోటాటోన్, ఆస్ట్రేలియాలో డయల్‌గిజ్మో అనే పేర్లతో తయారైనవి ఉన్నాయి. మనవాళ్లు ఆర్డ్యునో బోర్డుతో స్వయంగా చేసుకోవచ్చు. దానికి కావలసిన చిల్లర సామాను కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ప్రోగ్రాం కూడా పెద్దదేం కాదు. తీగ ఎంతసేపు తెగి ఉందో చూడాలి. సెకనులో పదో వంతు లోపైతే అది తెంపు. తరువాత అరసెకను దాకా ఇంకో తెంపు రాకపోతే అంకె ముగిసింది. ఒక సెకనుకు పైగా తెగే ఉంటే ఫోన్ పెట్టేసినట్టు.

రెండో దారి ఏటీఏ అనే అడాప్టర్. ఇంటర్నెట్ ఫోన్ ఖాతా ఉన్నవాళ్లకి, లేదా ఆఫీసులోనో అపార్ట్‌మెంటులోనో సొంత ఇంటర్‌కామ్ నడుపుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది. పార్క్ లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నెట్‌వర్క్ సామాను అమ్మే కొట్టుల్లో అడిగి చూడవచ్చు. అన్నీ పనికిరావు, తెంపులు తెలిసినదే కావాలి. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801, 802లలో పల్స్ డయలింగ్ సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యాలి. ఆ పక్కనే మామూలు పద్ధతి, స్వీడన్ పద్ధతి, న్యూజిలాండ్ పద్ధతి అని మూడు కనిపిస్తాయి. స్వీడన్ డయల్‌లో సున్నాకి ఒక తెంపు, ఒకటికి రెండు. న్యూజిలాండ్‌లో అంకెలు తిరగేసి ఉండేవి, 1 తిప్పితే తొమ్మిది తెంపులు. బ్రిటన్ అత్యవసర నంబరు 999 అయితే న్యూజిలాండ్‌ది 111 కావడానికి కారణం అదే, రెండుచోట్లా యంత్రానికి అందేవి అవే తెంపులు. మనం మామూలు పద్ధతి ఎంచుకోవాలి.

మూడో దారి కూడా ఒకటుంది. లోపలి సామానంతా పీకేసి, ఖాళీ డొల్లలో బ్లూటూత్ బోర్డో, సిమ్ వేసే మాడ్యూలో పెట్టి, పాత ఫోన్ కొత్తగా మోగుతోందని సంబరపడడం. వీడియోల్లో దీనికి లైకులు బాగా వస్తాయి. నాకు మాత్రం మనసొప్పదు. ఫోన్‌ని బట్టి లైన్‌ని మార్చాలి గానీ లైన్ కోసం ఫోన్‌ని కోయకూడదు. దుబాసీ పెట్టె రేపు తీసేస్తే ఫోన్ నిన్నటిలాగే ఉంటుంది. పీకేసిన ఇండక్షన్ కాయిలు, కండెన్సరు, గంటల అయస్కాంతం చెత్తబుట్టలో పడ్డాక ఇక మిగిలేది బొమ్మే. పైగా రేపు 2జీ సిగ్నల్ ఆగిపోతే ఆ బొమ్మా మూగబోతుంది.

అసలు పనితనం డయల్‌లో ఉంది. చక్రం మధ్యలో నంబరు రాసుకునే కాగితం బిళ్ల తీస్తే స్క్రూ కనిపిస్తుంది. అది విప్పి చక్రం తీసి, వెనక్కి తిప్పి చూడండి. గడియారంలో ఉన్నట్టు ఒక మెయిన్ స్ప్రింగు, పళ్ల చక్రాలు, వాటి చివర చిన్న ఇత్తడి గిన్నె. గిన్నెలో గిరగిరా తిరిగే ఇరుసుకి రెండు రెక్కలు, రెక్కల కొసల్లో బుల్లి బరువులు. డయల్ వేగంగా తిరగబోతే రెక్కలు విచ్చుకుని గిన్నె గోడకి రాసుకుంటాయి, వేగం తగ్గుతుంది. నెమ్మదిస్తే ముడుచుకుంటాయి. ఇది గవర్నరు. కరెంటూ బ్యాటరీ ఏమీ లేకుండా, వేలితో బిగించిన స్ప్రింగు సెకనుకు పది అని లెక్క తప్పకుండా నడవడం దీని చలవే.

నలభై ఏళ్లు అటక మీద ఉన్న ఫోన్‌లో నూనె ఎండి జిగురైపోతుంది. డయల్ నీరసంగా, సెకనుకు ఏడో ఎనిమిదో తెంపులతో తిరుగుతుంది. స్ట్రోజర్ యంత్రం ఆ వేగాన్ని కూడా ఓర్చుకునేది. కొత్త సర్క్యూట్లకి అంత ఓర్పు ఉండదు, ఒక్కోసారి ఒకే అంకెని రెండుగా చదువుతాయి. వేగం కొలవడానికి మొబైలే చాలు. డయల్ పక్కన పెట్టి సున్నా తిప్పి, ఆ శబ్దాన్ని రికార్డు చేసి, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. పది మొనలు వరసగా కనిపిస్తాయి. మొదటి మొన నుంచి పదో మొనకి సెకనులో తొమ్మిది పదో వంతులు పట్టాలి. అంతకన్నా ఎక్కువ పడితే ముందు శుభ్రం చెయ్యండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్న కుంచెతో జిగురు తీసి, గడియారాల నూనె సూదిమొన మీద పట్టేంత ఇరుసుల దగ్గర తాకించాలి. గిన్నె లోపలి గోడకి మాత్రం నూనె తగలకూడదు. తగిలితే రెక్కలు జారిపోయి డయల్ పిచ్చిదానిలా తిరుగుతుంది. తలుపు కీళ్లకి కొట్టే స్ప్రే దీని దరిదాపులకి తీసుకురావద్దు. ఇవన్నీ చేశాక కూడా వేగం తేడాగా ఉంటేనే రెక్కల్ని వెంట్రుకవాసి వంచాలి, అదీ చెయ్యి వణకనివాళ్లే. తెంపే స్ప్రింగుల కొసల్లోని వెండి బిళ్లలకి నల్లమరక పడితే గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగితే చాలు. గరుకు కాగితం వాడితే వెండి అరిగిపోతుంది.

డయల్ కుదిరాక కూడా ఒక తగాదా ఉంటుంది. అంకెకీ అంకెకీ మధ్య నాలుగు సెకన్లు దాటితే నంబరు అయిపోయిందనుకుని అడాప్టరు సగం నంబరుకే కాల్ కలిపేస్తుంది. డైరీలో చూసుకుంటూ తిప్పేవాళ్లకి నాలుగు సెకన్లు ఏపాటి? ఆ గడువుని ఎనిమిదో పదో చేసుకోండి. సికింద్రాబాద్ లాండ్‌లైన్లు చాలావరకు 27తో మొదలవుతాయి కాబట్టి మొదటి రెండు అంకెలు తొమ్మిది తెంపులతో సులువుగానే అయిపోతాయి. మొబైల్‌కి చెయ్యడమే అసలు పరీక్ష. 2021 జనవరి 15 నుంచి లాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ముందు సున్నా తప్పనిసరి. ఆ సున్నా ఒక్కటే పది తెంపులు, తరువాత పది అంకెలు, అందులో మొదటిది సాధారణంగా 9 లేదా 8. తిప్పడం, వదలడం అన్నీ కలిపి పావునిమిషం పైమాటే. ఇంత శ్రమపడి ఎవరూ ఊరికే ఫోన్ చెయ్యరు. నాకు ఈ యంత్రంలో నచ్చిన గుణాల్లో అదొకటి.

ఇక గంట. లోపల రెండు గిన్నెలు, మధ్యలో ఊగే సుత్తి, దాన్ని ఊపే కాయిళ్లు. మామూలు లైన్ నుంచి సుమారు 75 వోల్టుల ఏసీ వస్తే, సెకనుకు ఇరవై పాతికసార్లు అటూ ఇటూ ఊగి సుత్తి రెండు గిన్నెల్నీ మోగిస్తుంది. ఫోన్ మోగుతుండగా తీగలు ముట్టుకుంటే ఆ 75 వోల్టులు ఎలాంటివో తెలిసొస్తుంది. ఫైబర్ డబ్బాలు కాస్త బలహీనంగానే వోల్టేజి ఇస్తాయి. ఒక పాత గంటని మోగించగలవు, పక్కగదిలో రెండోది తగిలిస్తే రెండూ గొణుగుతాయి. గిన్నెలని స్క్రూ మీద కొంచెం తిప్పితే సుత్తికి దూరం మారుతుంది. గణగణ మోగే చోటు చెవికే తెలుస్తుంది.

అడాప్టరు వాడేవాళ్లు తప్పకుండా మార్చాల్సింది మోగే తాళం. చాలా అడాప్టర్లు అమెరికా లెక్కలో రెండు సెకన్లు ఏకబిగిన మోగి నాలుగు సెకన్లు ఆగుతాయి. మన ఫోన్ అలా మోగదు. సెకనులో నాలుగు పదో వంతులు మోగి, రెండు పదో వంతులు ఆగి, మళ్లీ నాలుగు మోగి, రెండు సెకన్లు విశ్రాంతి. ట్రింగ్ ట్రింగ్... ట్రింగ్ ట్రింగ్. సెట్టింగుల్లో 400, 200, 400, 2000 మిల్లీసెకన్లు అని వరసగా ఇస్తే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా ‘ఎవరిదో ఫోన్’ అనకుండా నేరుగా వస్తారు. డయల్ టోన్‌కి కూడా మన స్వరం ఒకటుంది. 400 హెర్ట్‌జ్ మీద 25 హెర్ట్‌జ్ అల కలిసి, సన్నగా గుర్రుమంటుంది. అమెరికా టోన్ తీగలాగినట్టు ఉంటుంది, అది ఈ రిసీవర్‌కి నప్పదు.

మాట్లాడే వైపు ఉండేది బొగ్గు మైకు. బిళ్లలో బొగ్గు రవ్వ నింపి ఉంటుంది. మాట తాకిడికి రవ్వ నొక్కుకుని వదులై, పారే కరెంటు ఎక్కువ తక్కువ అవుతుంది, అదే గొంతు. చాలాకాలం కదలకుండా ఉంటే రవ్వ గడ్డకడుతుంది. ‘హలో, వినపడట్లేదు’ అని అవతలివాళ్లు అరుస్తుంటే రిసీవర్‌ని అరచేతిలో రెండు మూడుసార్లు తట్టేవాళ్లు పెద్దవాళ్లు. కోపంతో కాదు, రవ్వని కదపడానికే. రాగి లైన్ ఇచ్చినంత కరెంటు ఫైబర్ డబ్బా ఇవ్వదు కాబట్టి గొంతు కాస్త సన్నగిల్లుతుంది. మరీ ఇబ్బందైతే అదే బిళ్ల సైజులో ఎలెక్ట్రెట్ మైకు దొరుకుతుంది. పెట్టుకుని పాత బిళ్లని జాగ్రత్తగా దాచండి. దీనికి నాకు అభ్యంతరం లేదు, ఎప్పుడంటే అప్పుడు తిరిగి మార్చుకోవచ్చు.

ఈ ఫోన్‌తో కుదరనివీ ఉన్నాయి. ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అనే బ్యాంకుల యంత్రానికి తెంపులు వినిపించవు. దుబాసీ పెట్టె ఉంటే అంకెలవరకు గట్టెక్కవచ్చు. నక్షత్రం, హ్యాష్ డయల్ మీద లేనే లేవు, కొన్ని పెట్టెల్లో మాత్రం అంకె తిప్పి వేలు కాసేపు అక్కడే ఆపితే అవి పలికే ఏర్పాటు ఉంటుంది.

తెంపులు తెలిసిన లైన్ ఉన్నవాళ్లు అత్యవసర నంబరు 112 సంగతి కూడా తెలుసుకోవాలి. పాత పోలీసు నంబరు 100కి ఇరవై ఒక్క తెంపులు కావాలి, పొరపాటున రావు. 112కి నాలుగే. రోజెట్‌లో వదులైన స్క్రూ, వానకి తడిసిన జాయింటు, రిసీవర్‌తో ఆడుకునే పిల్లాడు, ఎవరైనా నాలుగు తెంపులు పంపగలరు. ఇలా తీగల చప్పుడుకే అత్యవసర కాల్ వెళ్లిపోవడం 112 వాడే ఐరోపా దేశాలు ఎరిగినదే. 1937లో లండన్‌లో అత్యవసర నంబరు ఎంచుకున్నవాళ్లు 999 అని ఇరవై ఏడు తెంపులు పెట్టడంలో ఈ జాగ్రత్త కూడా ఉంది. కాబట్టి స్క్రూలు బిగించి, తీగ కొసలు గీకి, కొత్తగా కట్టండి.

చివరగా కరెంటు. రాగి లైన్‌కి 48 వోల్టులు ఎక్స్‌ఛేంజి బ్యాటరీల నుంచి వచ్చేవి. ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. ఫైబర్ డబ్బా మన ఇంటి ప్లగ్గు మీద బతుకుతుంది, కరెంటు పోతే దానితోపాటే పోతుంది. డబ్బా పవర్ అడాప్టరు మీద 12 వోల్టులో 9 వోల్టులో రాసి ఉంటుంది. అదే వోల్టేజి మినీ యూపీఎస్ ఒకటి డబ్బాకీ ఆ పవర్ అడాప్టరుకీ మధ్య పెట్టుకోవాలి. డబ్బా నడిచినంతసేపూ ఫోన్‌కి వేరే ఏమీ అక్కర్లేదు.